ఇంగ్లండ్‌లో చదువు: ముందు ఊరిని చదవాలి



ఏటా మన సొసైటీకి పై చదువుల సహాయం కోసం దరఖాస్తులు వస్తాయి. విదేశాలకు వెళ్ళే పిల్లల దరఖాస్తుల్లో ఇంగ్లండ్ పేరు ఎక్కువగా కనిపిస్తోంది. మన ఫారంలో మార్కులకు ఒక గడి ఉంది. కోర్సుకు, ఫీజుకు, విశ్వవిద్యాలయం ర్యాంకుకు, తండ్రి ఆదాయానికి తలా ఒక గడి ఉంది. "ఏ ఊళ్ళో చదువుతావు? అక్కడ నెలకు ఎంత అవుతుంది?" అనే గడి మాత్రం ఇంతవరకు లేదు. ఈ ఏడాది ఫారానికి ఒక పేజీ కలిపాము. ఎందుకు కలపవలసి వచ్చిందో, ఆ పేజీని ఎలా చదవాలో దాతలకు చెప్పడం మా బాధ్యత. మీరిచ్చిన ప్రతి రూపాయి మా చేతిలో అమానత్ కదా.

మేము అడగని ప్రశ్న

కొన్నేళ్ళ క్రితం ఒక అబ్బాయికి ఖర్జె హసనా కింద ఫీజులో కొంత భాగం ఇచ్చాము. తెలివైనవాడు, నమాజీ, బీద ఇంటి బిడ్డ. ప్రవేశ పత్రం మీద ఉత్తర ఇంగ్లండ్‌లోని ఒక నగరం పేరుతో విశ్వవిద్యాలయం ఉంది. ఆ పేరు చూసి సంతోషించాము, ర్యాంకు చూశాము, చెక్కు రాశాము. తరగతులు జరిగేది ఆ నగరంలో కాదు, లండన్‌లో ఉన్న దాని శాఖలో అన్న సంగతి పత్రంలో కింద చిన్న అక్షరాల్లో ఉంది. మేము చూడలేదు. తండ్రి చూడలేదు. అబ్బాయి చూశాడు గానీ, లండన్ అయితే ఇంకా మంచిదే అనుకున్నాడు.

వీసా కోసం బ్యాంకులో చూపించవలసిన డబ్బును తండ్రి వడ్డీకి తెచ్చి ఖాతాలో ఉంచాడు. వీసా రాగానే అది ఇచ్చినవాడికే తిరిగి పోయింది. అబ్బాయి చేతిలో రెండు నెలల ఖర్చుతో దిగాడు. నగరం అంచున నలుగురితో ఒక గది. కాలేజీకి వెళ్ళడానికి గంటా పావు, రావడానికి గంటా పావు. రాత్రి గోదాములో పని, పొద్దున తరగతి. ముందు హాజరు తగ్గింది, తర్వాత హెచ్చరిక ఉత్తరం వచ్చింది, తర్వాత పరీక్షలు పోయాయి. మళ్ళీ రాయడానికి కట్టవలసిన డబ్బు లేదు. పట్టా లేకుండా తిరిగి వచ్చాడు.

ఇప్పుడు హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగం చేస్తూ మన సొసైటీకి నెలకు మూడు వేలు కడుతున్నాడు. ఒక్క నెల కూడా తప్పలేదు. ఆ మూడు వేలకు రసీదు రాసిన ప్రతిసారీ మాకు ఒకటే అనిపిస్తుంది: ఇంత నిజాయితీ గల పిల్లవాణ్ణి ఆ ఊరు గురించి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది.

అందుకే ఈ పాఠం.

పేరు చూసి ఊరు అనుకోవద్దు

మన నాగార్జున విశ్వవిద్యాలయం నాగార్జునసాగర్‌లో లేదు, గుంటూరు దగ్గర నంబూరులో ఉంది. మనకు తెలుసు కాబట్టి పొరబడం. ఇంగ్లండ్‌లోనూ అలాంటివి చాలా ఉన్నాయి. వార్విక్ విశ్వవిద్యాలయం వార్విక్ పట్టణంలో లేదు, కోవెంట్రీ నగరం అంచున ఉంది. రాయల్ హాలోవే పేరులో 'యూనివర్సిటీ ఆఫ్ లండన్' అని ఉన్నా, దాని ప్రధాన ఆవరణ సర్రే కౌంటీలోని ఎగమ్‌లో ఉంది. హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయం హాట్‌ఫీల్డ్‌లోనూ, ఎసెక్స్ విశ్వవిద్యాలయం ప్రధాన ఆవరణ కోల్చెస్టర్‌లోనూ ఉన్నాయి. కీల్ విశ్వవిద్యాలయం దగ్గరి ఊరు న్యూకాసిల్ అండర్ లైమ్. ప్రసిద్ధమైన న్యూకాసిల్ అపాన్ టైన్ వేరు, అది ఇంకా ఎంతో ఉత్తరాన ఉంది.

ఒకే ఊరి పేరుతో రెండు విశ్వవిద్యాలయాలు ఉండడం కూడా మామూలే. మాంచెస్టర్, మాంచెస్టర్ మెట్రోపాలిటన్. షెఫీల్డ్, షెఫీల్డ్ హాలమ్. నాటింగమ్, నాటింగమ్ ట్రెంట్. ఒకదాని ర్యాంకు చూసి ఇంకొకదానికి ఫీజు కట్టిన తల్లిదండ్రులు ఉన్నారు.

కాబట్టి మొదటి ప్రశ్న విశ్వవిద్యాలయం పేరు కాదు. తరగతి గది ఏ ఊళ్ళో, ఏ వీధిలో ఉంది? వీసాకు ముందు విశ్వవిద్యాలయం ఇచ్చే సీఏఎస్ పత్రంలో చదువు జరిగే చోటు రాసి ఉంటుంది. డబ్బు కట్టక ముందే ఆ చిరునామాను విశ్వవిద్యాలయాన్నే నేరుగా అడిగి తెలుసుకోవాలి. ఏజెంటు మాట సరిపోదు.

ఒకసారి చేరాక ఊరు నచ్చలేదని మారడం తేలిక కాదు. వీసా ఆ విశ్వవిద్యాలయం పూచీ మీద ఇస్తారు. వేరే విశ్వవిద్యాలయానికి మారాలంటే కొత్త ప్రవేశం, కొత్త సీఏఎస్, మళ్ళీ వీసా దరఖాస్తు, మళ్ళీ ఫీజులు.

ఊరు మారితే లెక్క మారుతుంది

విద్యార్థి వీసాకు ఫీజు కాక జీవన వ్యయం కూడా చూపించాలి. 2025 నవంబర్ 11 నుంచి అమలులో ఉన్న లెక్క ప్రకారం లండన్‌లో చదివేవారు నెలకు 1,529 పౌండ్లు, లండన్ వెలుపల చదివేవారు 1,171 పౌండ్లు చూపాలి. గరిష్ఠంగా తొమ్మిది నెలలకు చూపితే చాలు. గుణిస్తే లండన్‌కు 13,761 పౌండ్లు, వెలుపలి ఊళ్ళకు 10,539 పౌండ్లు. తేడా 3,222 పౌండ్లు. పౌండును 115 రూపాయలుగా వేసుకున్నా ఆ తేడాయే సుమారు 3 లక్షల 70 వేల రూపాయలు. ఈ డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో నిలిచి ఉండాలి. ఈ అంకెలు మారుతుంటాయి కనుక దరఖాస్తు చేసేనాటి అంకెను బ్రిటిష్ ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవాలి. వైద్య సేవల కోసం ఏడాదికి కట్టే 776 పౌండ్లు మాత్రం ఏ ఊరికైనా ఒకటే.

అయితే ప్రభుత్వం దృష్టిలో 'లండన్ వెలుపల' అంటే అంతా ఒకటే. ఇంటి యజమాని దృష్టిలో కాదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, బ్రిస్టల్, బాత్, బ్రైటన్ వంటి చోట్ల అద్దెలు బాగా ఎక్కువ. లెస్టర్, షెఫీల్డ్, బ్రాడ్‌ఫర్డ్, హల్, సండర్లాండ్, స్టోక్ వంటి చోట్ల తక్కువ. రెండింటికీ వీసా లెక్క ఒకటే అయినా, నెలాఖరున పిల్లవాడి జేబు లెక్క ఒకటి కాదు.

అద్దె తర్వాత దూరం. ఇంగ్లండ్‌లో చాలా బస్సుల్లో ఒక వైపు టికెట్ 3 పౌండ్లకు మించకూడదని 2025లో పరిమితి పెట్టారు. రోజుకు రెండుసార్లు, వారానికి అయిదు రోజులు తిరిగితే 30 పౌండ్లు. నాలుగు వారాలకు 120 పౌండ్లు, మన లెక్కలో 13,800 రూపాయలు. పాసు తీసుకుంటే కొంత తగ్గుతుంది. కాలేజీకి నడిచి వెళ్ళే దూరంలో గది దొరికితే అసలు ఉండదు. అందుచేత దూరంగా ఉన్న చవక గది నిజంగా చవకో కాదో అద్దె, ప్రయాణం కలిపి చూస్తేనే తెలుస్తుంది. పోయే సమయం దానికి అదనం.

గది విషయంలో మోసపోకుండా

మొదటి ఏడాది విదేశీ విద్యార్థులకు చాలా విశ్వవిద్యాలయాలు తమ హాస్టల్‌లో గది హామీ ఇస్తాయి, కానీ చెప్పిన తేదీలోగా దరఖాస్తు చేస్తేనే. ఆ తేదీ దాటిపోవడం మన పిల్లల్లో తరచుగా చూస్తున్నాము. ఫీజు డబ్బు కూడేసరికి గడువు అయిపోతోంది.

బయట ఇల్లు తీసుకోవాలంటే చాలామంది యజమానులు బ్రిటన్‌లో నివసించే హామీదారును అడుగుతారు. మన టైలరు గారి అబ్బాయికి అక్కడ హామీదారు ఎక్కడ దొరుకుతాడు? కొన్ని విశ్వవిద్యాలయాలు తామే హామీ ఉంటాయి. ఉంటాయో లేదో ముందే అడగాలి. అడ్వాన్సు విషయంలో చట్టం విద్యార్థి పక్షాన ఉంది. ఇంగ్లండ్‌లో 2019 నుంచి సాధారణ అద్దె ఇళ్ళకు అడ్వాన్సు అయిదు వారాల అద్దెకు మించకూడదు. ఆ డబ్బును ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకంలో 30 రోజుల్లోగా నమోదు చేయాలి. గది చూడకుండా, యజమాని ఎవరో తెలియకుండా, ఇక్కడి నుంచే డబ్బు పంపమంటే పంపవద్దు.

పూర్తికాలం విద్యార్థులే ఉండే ఇంటికి కౌన్సిల్ పన్ను ఉండదు. వారితో పాటు ఉద్యోగం చేసేవారు ఉంటే బిల్లు రావచ్చు. అద్దెలో కరెంటు, గ్యాసు కలిసి ఉన్నాయా లేదా అన్నది చలికాలంలో చాలా పెద్ద ప్రశ్న అవుతుంది.

పని చేసుకుని చదువుతాడులే అనుకోవద్దు

డిగ్రీ, పీజీ విద్యార్థులు తరగతులు నడిచే కాలంలో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. 21 ఏళ్ళు దాటినవారికి కనీస వేతనం 2026 ఏప్రిల్ నుంచి గంటకు 12.71 పౌండ్లు. ఇరవై గంటలూ దొరికితే వారానికి 254 పౌండ్లు. ఈ లెక్క చెప్పి ఏజెంట్లు తల్లిదండ్రులకు ధైర్యం చెబుతారు. "దొరికితే" అన్న మాటను మింగేస్తారు. వచ్చిన తొలి నెలలో పని దొరకకపోవచ్చు. చిన్న ఊళ్ళో పనులు తక్కువ, పెద్ద ఊళ్ళో పనులున్నా అడిగేవారు అంతకంటే ఎక్కువ. వీసా అధికారులు రాబోయే సంపాదనను లెక్కలోకి తీసుకోరు. మనమూ తీసుకోకూడదు.

ఇంకొక జాగ్రత్త. విద్యార్థి వీసా మీద స్వయం ఉపాధి నిషేధం. సైకిల్ మీద ఆహారం చేరవేసే యాప్‌లలో పని చాలావరకు ఆ కోవలోకే వస్తుంది. స్నేహితుడి ఖాతాతో చేస్తే ఏమవుతుందిలే అనుకుంటే వీసాకే ముప్పు. మద్యం అమ్మే చోట పని చేయవలసి వస్తే ఏం చేస్తావని పిల్లవాణ్ణి ముందే అడగాలి. ఆకలిగా ఉన్నప్పుడు ఆలోచించడం కంటే ఇంట్లో ఉన్నప్పుడు ఆలోచించడం మేలు.

నమాజు, భోజనం, భాష

డిసెంబర్ చివర మాంచెస్టర్‌లో సూర్యుడు ఉదయం ఎనిమిదిన్నరకు కాస్త ముందు ఉదయించి, సాయంత్రం నాలుగు లోపే అస్తమిస్తాడు. అంటే జొహర్, అసర్, మగ్రిబ్ మూడూ తరగతుల వేళల్లోనే వస్తాయి. జూన్‌లో మగ్రిబ్ రాత్రి తొమ్మిదిన్నర దాటాక వస్తుంది. కనుక విశ్వవిద్యాలయంలో నమాజు గది ఉందా, జుమా ఎక్కడ జరుగుతుంది, స్త్రీలకు చోటు ఉందా అన్న ప్రశ్నలు రోజువారీ చదువుకు సంబంధించినవే.

2021 జనగణన ప్రకారం ఇంగ్లండ్, వేల్స్ జనాభాలో ముస్లిములు 6.5 శాతం. బ్రాడ్‌ఫర్డ్‌లో 30.5, బర్మింగ్‌హామ్‌లో 29.9, లెస్టర్‌లో 23.5 శాతం. ఇలాంటి ఊళ్ళలో మస్జిద్, హలాల్ దుకాణం, మన వంట దినుసులు వెతుక్కోనక్కరలేదు. చిన్న పట్టణాల్లో ముందుగా విచారించుకోవాలి. అలాగని చిన్న ఊరు కూడదని కాదు. కేంబ్రిడ్జ్ పెద్ద నగరం కాకపోయినా 2019లో అక్కడ పర్యావరణానికి అనుకూలంగా కట్టిన పెద్ద మస్జిద్ తెరిచారు.

మనవాళ్ళు ఎక్కువ ఉన్న ఊరికి ఒక నష్టం కూడా ఉంది. గదిలో తెలుగు, దుకాణంలో ఉర్దూ, పని చోట హిందీ మాట్లాడుతూ ఏడాది గడిపి, ఇంగ్లీషులో నాలుగు మాటలు తడుముకునే పిల్లలను చూశాము. తోడు ఉండాలి, కానీ తోడే గోడ కాకూడదు.

కోర్సుకు ఊరికి సంబంధం కూడా చూడాలి. కోవెంట్రీకి మోటారు వాహనాల తయారీలో పాత పేరుంది. సౌతాంప్టన్ ఓడరేవు పట్టణం. క్రాన్‌ఫీల్డ్‌లో పీజీ చదువులే ఉంటాయి, దానికి సొంత విమానాశ్రయం ఉంది. ఆ రంగాల్లో చదివేవారికి ఆ ఊరే సగం ప్రయోగశాల.

రెండు ఉత్తరాలు, ఒక తెల్లకాగితం

పోయిన ఏడాది ఒక టైలరు గారు కూతురిని వెంటబెట్టుకుని వచ్చారు. అమ్మాయికి ప్రజారోగ్యంలో ఎం.ఎస్సీ.కి రెండు చోట్ల ప్రవేశం వచ్చింది. ఒకటి లండన్, ఒకటి లెస్టర్.

"లండనే సార్. అక్కడ మా బావమరిది ఉన్నాడు. ఆడపిల్ల ఒంటరిగా ఉండనవసరం లేదు" అన్నారు ఆయన.

తండ్రి భయం న్యాయమైనదే. మేము ఆ అమ్మాయికి ఒక తెల్లకాగితం ఇచ్చి, మధ్యలో గీత గీసి, ఒక పక్క లండన్, ఒక పక్క లెస్టర్ అని రాయమన్నాము. "మీ మామూ ఇల్లు ఏ ఊరమ్మా?" అని అడిగాము. తండ్రి లండన్ అన్నారు. అమ్మాయి ఫోనులో చిరునామా తీసి చూపించింది. లూటన్. అక్కడి విమానాశ్రయానికి లండన్ పేరు తగిలించారు గానీ, ఊరు లండన్‌కు దాదాపు యాభై కిలోమీటర్ల ఉత్తరాన ఉంది. రోజూ రైలు, రైలు దిగాక మెట్రో.

"మామూతో కాదు, ముమానీతో మాట్లాడమ్మా" అన్నాము. ఇంట్లో చోటు సంగతి ఇల్లు నడిపేవారికే తెలుస్తుంది. ముమానీ మంచి మనిషి, దాచకుండా చెప్పింది. "రెండు గదుల ఇల్లు బేటీ, ముగ్గురు పిల్లలు. నెల రోజులైతే కళ్ళకద్దుకుని ఉంచుకుంటాను. ఏడాదంటే నీ చదువు సాగదు."

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అమ్మాయి కాగితం నింపసాగింది. అద్దె, ప్రయాణం, గ్యాసు, భోజనం, నమాజు గది, అమ్మాయిల హాస్టల్, హామీదారు. అరగంటకు లెస్టర్ పక్క కూడిక తక్కువ తేలింది. పైగా లూటన్, లెస్టర్ ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి. సెలవుల్లో మామూ ఇంటికి వెళ్ళిరావచ్చు. తండ్రి కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "ఆమె అమ్మకు కూడా చూపిస్తాను సార్" అన్నారు. అమ్మాయి లెస్టర్ వెళ్ళింది. చదువు ఇంకా పూర్తి కాలేదు, కనుక ఇప్పుడే గొప్పలు చెప్పము. హాజరు బాగుంది, గది అద్దె బాకీ లేదు. మాకు అది చాలు.

దాతలకు విన్నపం

ఇకపై ఇంగ్లండ్ వెళ్ళే ప్రతి విద్యార్థి ఈ ఏడు ప్రశ్నలకు తన చేతిరాతతో జవాబులు ఇవ్వాలి.

1. తరగతులు జరిగే చిరునామా ఏది? ఎవరిని అడిగి తెలుసుకున్నావు?
2. గది ఎక్కడ? అద్దె ఎంత? అద్దెలో ఏవేవి కలిశాయి?
3. గది నుంచి తరగతికి ఎంత సేపు, ఎంత ఖర్చు?
4. పని దొరకకపోతే ఎన్ని నెలలు గడపగలవు?
5. బ్యాంకులో చూపే డబ్బు ఎవరిది? వీసా తర్వాత కూడా ఉంటుందా?
6. నమాజు, హలాల్ భోజనం ఏర్పాటు ఏమిటి?
7. ఆపద వస్తే ఆ ఊళ్ళో మొదట ఎవరికి ఫోను చేస్తావు?

అయిదో ప్రశ్న దగ్గర మీ సహాయం ఎక్కువ కావాలి. తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు విదేశీ విద్యకు 20 లక్షల రూపాయల వరకు ఇస్తోంది. అది మంచి పథకం. కానీ తొలి విడత విద్యార్థి ఆ దేశం చేరాకే అందుతుంది. వీసాకు చూపే డబ్బు, గది అడ్వాన్సు, మొదటి రెండు మూడు నెలల ఖర్చు అంతకు ముందే కావాలి. కుటుంబాలు వడ్డీకి పోతున్నది సరిగ్గా ఆ సందులోనే. మన ఖర్జె హసనా నిధి ఆ సందును పూడ్చగలిగితే, ఇచ్చిన మొత్తం చిన్నదైనా ఒక ఇంటిని వడ్డీ నుంచి కాపాడినట్టే. ఇంగ్లండ్‌లో మీ బంధువులు ఎవరైనా ఉంటే, వారి ఊరు పేరు, ఒక విద్యార్థిని మొదటి వారం ఇంట్లో ఉంచుకోగలరా అన్న సంగతి సొసైటీకి తెలియజేయండి. అది కూడా దానమే.

ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయత్ అప్పు వ్యవహారాన్ని రాసి పెట్టుకోవడం గురించి అని మనందరికీ తెలుసు. రాసుకోవడం అపనమ్మకం కాదు, ఇద్దరికీ రక్షణ. ఈ పేజీని కూడా పిల్లలు అలాగే తీసుకోవాలి.

చివరగా ఒక పాత సంగతి. లండన్‌కు నైరుతి దిక్కున వోకింగ్ అనే ఊరుంది. లాహోర్‌లో ప్రిన్సిపాల్‌గా పనిచేసిన లైట్నర్ అనే పండితుడు 1880లలో అక్కడ ప్రాచ్య విద్యల సంస్థను నెలకొల్పాడు. అక్కడికి వచ్చే ముస్లిం విద్యార్థులు నమాజు చేసుకోవడానికి 1889లో ఒక మస్జిద్ కట్టించాడు. దానికి భోపాల్ బేగం షాజహాన్ విరాళం ఇచ్చారు, మస్జిద్ ఆమె పేరుతోనే నేటికీ ఉంది. పక్కనే ఉన్న ఇల్లు మన హైదరాబాద్ దివాన్ సాలార్‌జంగ్ స్మారకం. సముద్రాల అవతల చదువుకునే పిల్లవాడు ఎక్కడ సజ్దా చేస్తాడు, ఎక్కడ తల దాచుకుంటాడు అని ఆనాటి దాతలు ఆలోచించారు. ఫీజు కట్టి చేతులు దులుపుకోలేదు.

మనమూ ఆ ప్రశ్న అడిగే సమాజంగా ఉండాలని, నెలకు మూడు వేలు కడుతున్న ఆ అబ్బాయి బాకీ త్వరగా తీరి, అతని చదువుకు మరో దారి తెరుచుకోవాలని, మీ దానాలను అల్లాహ్ స్వీకరించాలని దుఆ చేస్తున్నాము. ఆమీన్.